సున్నం గీతకీ కర్బుకీ మధ్య పది సెంటీమీటర్లు

ముందే చెప్పేస్తున్నా, నా మార్కులు ఐదుకి మూడున్నర. అందులో మూడు గ్రౌండుకి, అర వీడియోలకి. మిగిలిన ఒకటిన్నర ఎక్కడ పోయిందో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

నేను తెనాలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. ఊళ్లో పెద్దవాళ్లకి ఇప్పటికీ "డ్రిల్లు టీచరమ్మ"ని, పిల్లలకి "పీఈటీ మేడం"ని. బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చేసి పందొమ్మిదేళ్లయింది. మోకాలు ఒకటి మాట వినడం మానేసింది. ఇలాంటప్పుడు మా తోటి టీచరు ఒకావిడ ఫోన్లో ఒక ప్రకటన పంపింది: వ్యాయామ ఉపాధ్యాయులకి ఫ్లిప్డ్ పద్ధతిలో శిక్షణ, ఆరు వారాలు, ఫీజు 4,200 రూపాయలు. పాఠాలు ఇంట్లో వీడియోలో చూసుకోవాలి, ఆదివారం పొద్దున ఆరున్నర నుంచి పదకొండు దాకా గ్రౌండులో పని. మా ఆయన విని, "ఇరవయ్యేళ్ల నుంచీ డ్రిల్లు చెప్తున్నావు, ఇప్పుడు నీకు ట్రైనింగేంటి?" అన్నారు. ఆ మాట అనకపోయి ఉంటే చేరేదాన్ని కాదేమో.

సంస్థ పేరు మాత్రం రాయను. పొగిడితే ప్రచారం అంటారు, తిడితే పగ అంటారు. పైగా ఈమధ్య ఇలాంటివి చాలాచోట్ల పెడుతున్నారు కాబట్టి, ఫలానా చోట అని కాకుండా ఈ పద్ధతి మన పనికి ఎంతవరకు పనికొస్తుందో చెప్తాను. మీ ఊళ్లో ఇలాంటిది పెట్టినప్పుడు చూసుకుంటారు.

ఫ్లిప్డ్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. క్లాసులో చెప్పే పాఠం ఇంటికి పోతుంది, ఇంట్లో చేసే అభ్యాసం క్లాసుకి వస్తుంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో వుడ్‌ల్యాండ్ పార్క్ అనే ఊరి హైస్కూల్లో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అని ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు 2007లో దీన్ని మొదలుపెట్టారు. మొదట వాళ్లు పాఠాలు రికార్డు చేసింది బడికి రాలేకపోయిన పిల్లల కోసం. ఆ పిల్లలు ఎందుకు రాలేకపోయేవాళ్లంటే, చాలామంది మ్యాచులకని వేరే ఊళ్లు పోయేవాళ్లు కాబట్టి! ఇది తెలిశాక నాకు ఎంత నవ్వొచ్చిందో చెప్పలేను. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలక్షన్లకి ఇద్దరు పిల్లల్ని తీసుకెళ్తానంటే మా లెక్కల మాస్టారు "నా సిలబస్ ఎవరు పూర్తి చేస్తారమ్మా?" అని నన్ను నిలబెట్టి అడుగుతారు. అక్కడ అదే గొడవకి విసుక్కోకుండా కెమెరా ముందు కూర్చున్నారు. కెమిస్ట్రీ వాళ్లు ఆటల పిల్లల కోసం కనిపెట్టినది ఇన్నేళ్లకి చుట్టూ తిరిగి ఆటల టీచర్ల దగ్గరికొచ్చిందన్నమాట.

అసలు ఈ పద్ధతి అవసరం మాలాంటివాళ్లకే ఎక్కువ. నేను చదివేటప్పుడు బీపీఈడీ ఏడాది కోర్సు, 2015 నుంచి రెండేళ్లు చేశారు. పొద్దున అయిదున్నరకల్లా గ్రౌండు. ఎనిమిదిన్నరకి హాస్టలుకొచ్చి స్నానం, టిఫిను. పదకొండుకి అనాటమీ క్లాసు. రెండు కిలోమీటర్లు పరిగెత్తి, నాలుగు ఇడ్లీలు తిని, ఫ్యాను కింద కూర్చున్న మనిషికి తొడ వెనక కండరం పేరు చెప్తే చెవికెక్కుతుందా? వరసకి ముగ్గురం నిద్రపోయేవాళ్లం. మా సారు పాపం మద్రాసు వైఎంసీఏలో చదివొచ్చినాయన. 1920లో హ్యారీ క్రో బక్ పెట్టిన కాలేజీ అది, ఆసియాలోనే మొదటి వ్యాయామ విద్యా కళాశాల అని గర్వంగా చెప్పేవారు. ఆయన కూడా చివరికి విసిగిపోయి నోట్సు చెప్పి రాయించేవారు. ఆ నోట్సు నా దగ్గర ఇంకా ఉంది. అందులో ఒక వాక్యం సగంలో ఆగి, పెన్ను గీత పేజీ చివరిదాకా జారిపోయి ఉంటుంది. నిద్ర.

కాబట్టి పాఠం మనకి వీలైన వేళ వినొచ్చంటే నాకు సబబుగానే అనిపించింది. కానీ వీలైన వేళ ఏదీ? వారానికి ఎనిమిది నుంచి పది వీడియోలు, ఒక్కోటి పది పన్నెండు నిమిషాలు. వీడియో చివర అయిదు ప్రశ్నలు. శనివారం రాత్రి పన్నెండు లోపు జవాబులు పెట్టెయ్యాలి. చూడ్డానికి వారానికి రెండు గంటలు కూడా లేదు. ఆ రెండు గంటలు మగవాళ్లకి దొరికినట్టు మాకు దొరకవని ఈ కోర్సు తయారుచేసినవాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. మా బ్యాచిలో 28 మందిమి, ఆడవాళ్లం తొమ్మిదిమందిమి. తొమ్మిదిమందిలో ఏడుగురం గిన్నెలు తోముతూనో, కూర తాలింపు పెడుతూనో చూసినవాళ్లమే. షాట్‌పుట్ గ్లైడ్ వీడియో నేను మూడుసార్లు చూశాను. శ్రద్ధ ఎక్కువై కాదు, మొదటిసారి కుక్కరు కూత, రెండోసారి మా అత్తయ్య మాత్రలు. మూడోసారి డాబా ఎక్కి చూశాను, సిగ్నల్ అక్కడే బాగా వస్తుంది. ఇంటరు చదివే మా అమ్మాయి, "అమ్మా, ఒకటిన్నర స్పీడు పెట్టుకో, ఈయన మాటకీ మాటకీ మధ్య టీ తాగొచ్చు" అని నేర్పింది. ఆ ఒక్క చిట్కాతో నాకు వారానికి అరగంట మిగిలింది.

వీడియోలకి అరమార్కే ఎందుకు వేశానంటే, సగం వీడియోలు వాళ్లు తీసినవి కావు. ఎక్కడివో ఇంగ్లీషువి తెచ్చి కింద తెలుగులో రెండు ముక్కలు అతికించారు. వాలీబాల్ పాఠంలో చెక్క నేల, పైన ఏసీ గొట్టాలు, ఇరవైమంది పిల్లలు, ఒక్కో పిల్లకి ఒక్కో బంతి. మా బళ్లో అరవైమంది సెక్షనుకి వాలీబాళ్లు మూడు. అందులో ఒకదానికి గాలి నిలవదు. పొద్దున కొడితే మధ్యాహ్నానికి గుమ్మడికాయ, సాయంత్రానికి అట్టు. అరవైమందికి మూడు బంతులతో అందరి చేతికీ బంతి తగిలేలా పీరియడు ఎలా నడపాలో చెప్పండి, అది పాఠం. వాళ్లు సొంతంగా తీసిన వీడియోలు మాత్రం నిజంగా బావున్నాయి. మన ఎండ, మన మట్టి, వెనకాల గేదె అరుపు. ఖోఖోలో పోల్ దగ్గర మలుపు తిరిగేటప్పుడు కాలు ఎక్కడ ఆన్చాలో ఒకమ్మాయి చేసి చూపిస్తుంది, నెమ్మదిగా, మూడు వైపుల నుంచి. అది నా ఫోన్లో దాచుకున్నాను.

మొదటి ఆదివారం ఫిట్‌నెస్ పరీక్షలు. ఖేలో ఇండియా వాటిలో ఉన్నవే: 50 మీటర్ల పరుగు, 600 మీటర్లు, కూర్చుని ముందుకి వంగి చేతులు చాచే సిట్ అండ్ రీచ్, పొట్ట కండరాలకి కర్ల్ అప్, పుషప్స్. పెద్దగా చెప్పుకోవాల్సిందేమీ లేదు. సిట్ అండ్ రీచ్ పెట్టె కొనక్కర్లేదని, గట్టి అట్టపెట్టె మీద స్కేలు అంటించి చేసుకోవచ్చని ఒకాయన చూపించారు. అది పట్టుకొచ్చాను.

రెండో ఆదివారం గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. ఈ రివ్యూ రాస్తున్నదే దానికోసం.

ఆ వారం వీడియోలు ట్రాకు గీయడం మీద. మనలో ఎవరికైనా వచ్చే పనేగా అనుకుని చూశాను. 400 మీటర్ల గ్రౌండు మన బళ్లకి ఎక్కడుంటుంది, 200 మీటర్ల ట్రాకు లెక్కే చెప్పారు. అటూ ఇటూ సూటి దారి 40 మీటర్లు, రెండూ కలిపి 80. మిగిలిన 120 మీటర్లు రెండు వంపుల్లో రావాలి. 120ని రెండు పైతో, అంటే 6.2832తో భాగిస్తే 19.10 మీటర్లు. అది మనిషి పరిగెత్తే దారి వ్యాసార్థం. అందులోంచి 30 సెంటీమీటర్లు తీసేసి 18.80 దగ్గర గీత గీయాలి. లేను వెడల్పు 1.22. ఒక పూర్తి చుట్టుకి రెండో లేను స్టాగర్, అంటే బయటి లేను వాళ్లు ముందుకి జరిగి మొదలుపెట్టే దూరం, 7.04 మీటర్లు, అక్కణ్ణుంచి ఒక్కో లేనుకి 7.67 చొప్పున కలుపుకుంటూ పోవాలి. ఈ అంకెలు నాకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. క్విజ్‌లో అయిదుకి అయిదు.

ఆదివారం పొద్దున ఏడుగురేసి నాలుగు జట్లు. ముందురోజు చినుకులు పడ్డాయి. మా వైపు నల్లరేగడి సంగతి మీకు తెలుసు, చెప్పుకి అంటుకుంటే వదలదు, మనిషి రెండంగుళాలు పొడుగవుతాడు. మా జట్టులో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారు ఒకాయన, నేను, మిగతా అయిదుగురూ డీఎస్సీకి చదువుకుంటున్న పిల్లలు. పీడీ గారు తన సొంత స్టీలు టేపు సంచిలోంచి తీశారు. సంస్థవాళ్లు నైలాను తాడు ఇస్తే, "ఇది లాగిన కొద్దీ సాగుతుందమ్మా, దీంతో గీస్తే వృత్తం కాదు దోసకాయ వస్తుంది" అని పక్కన పడేశారు. మేకు కొట్టాం, టేపు పట్టాం, 18.80 దగ్గర ఒక కుర్రాడు డబ్బాలో చిల్లు పెట్టి సున్నం పోసుకుంటూ తిరిగాడు. చక్కగా వచ్చింది. నేను నడుం మీద చెయ్యి వేసుకుని చూసుకుంటున్నాను.

అప్పుడు మా జట్టులో ఒకమ్మాయి, బాపట్ల వైపు పిల్ల, మెల్లగా అడిగింది: "మేడం, ఆ 30 సెంటీమీటర్లు ఎందుకు తీశాం?"

"కర్బు నుంచి అంత దూరంలో పరిగెత్తుతారని లెక్క కాబట్టి" అన్నాను.

"మరి ఇక్కడ కర్బు ఏది మేడం?"

నేను పీడీ గారి వంక చూశాను. ఆయన నా వంక చూశారు. ఇద్దరం కలిసి సున్నం గీత వంక చూశాం.

కర్బు అంటే పెద్ద స్టేడియాల్లో ట్రాకు లోపలి అంచున ఉండే గట్టు, అయిదారు సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. కాలు తగులుతుందని మనిషి కాస్త ఎడంగా పరిగెడతాడు, అందుకని దాని నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర కొలుస్తారు. గట్టు లేకుండా ఉత్త గీతే ఉంటే కొలవాల్సింది 20 సెంటీమీటర్ల దగ్గర. రూలు పుస్తకంలో ఈ రెండు ముక్కలూ పక్కపక్కనే ఉంటాయి. నేను పందొమ్మిదేళ్లుగా మొదటి ముక్క చదివి, రెండో ముక్క వదిలేశాను. గట్టు లేని గ్రౌండులో గట్టు ఉన్నట్టు గీస్తున్నాను.

మాకు శిక్షణ ఇచ్చే మాస్టారు దూరం నుంచి వింటూనే ఉన్నారు. ఈయన గురించి తర్వాత ఫిర్యాదు చేస్తాను గానీ, ఆ రోజు మాత్రం చేతులెత్తి దండం పెట్టొచ్చు. దగ్గరికొచ్చి జవాబు చెప్పలేదు. "కొలిచి చూడండి" అని మాత్రం అన్నారు. పురికొస ముక్క ఒకటి తెచ్చి, గీతకి 20 సెంటీమీటర్లు బయటివైపుగా వంపు పొడవునా పరిచి, మట్టిలో పుల్లలు గుచ్చి, మొత్తం కొలిచాం. ఇరవై నిమిషాలు పట్టింది, నా చీర కుచ్చిళ్లు నల్లగా అయిపోయాయి. కాగితం మీద లెక్కేస్తే 18.80కి 20 సెంటీమీటర్లు కలిపితే 19.00, రెండు వంపులూ కలిసి 119.38. పురికొసతో మాకు దానికి రెండు మూడు సెంటీమీటర్లు అటూ ఇటూగా వచ్చింది. అంటే ఒక చుట్టు 200 మీటర్లు కాదు, దాదాపు 62 సెంటీమీటర్లు తక్కువ. అదీ ఒకటో లేనుకి మాత్రమే! రెండో లేను నుంచి ఎప్పుడూ గీత నుంచి 20 దగ్గరే కొలుస్తాం కాబట్టి 7.04 స్టాగరుతో వాళ్లందరూ నిఖార్సుగా 200 మీటర్లు పరిగెత్తుతారు. ఒకటో లేను వాడొక్కడికే 62 సెంటీమీటర్ల దానం. మా పిల్లల వేగానికి అది ఇంచుమించు సెకనులో పదో వంతు. బళ్లో 200 మీటర్ల పరుగు ఫలితాలు తారుమారు కావడానికి అంత చాలు.

గీత చెరిపి 18.90 దగ్గర మళ్లీ గీశాం. అప్పుడు రెండో లేను స్టాగర్ కూడా 7.67 అవుతుంది, ఆ 7.04 అన్న అంకెతో పనే ఉండదు. పీడీ గారు టేపు చుట్టుకుంటూ, "ముప్ఫై మూడేళ్ల సర్వీసమ్మా" అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు. నాకు ఇంటికొచ్చే బస్సులో నాలుగేళ్ల కిందటి మండలం పోటీలు గుర్తొచ్చాయి. ట్రాకు గీసింది నేనే. నాలుగో లేనులో మా బడి పిల్ల, ఒకటో లేనులో పక్క ఊరి పిల్ల, ఇద్దరూ గీత దగ్గర ఒకేసారి ఛాతీ వాల్చారు. మా పిల్లకి రెండో స్థానం ఇచ్చారు. ఏడుస్తుంటే "వచ్చే ఏడాది చూసుకుందాంలే" అని నేనే ఓదార్చాను.

ఇప్పుడు ఆలోచించండి. ఇదే పాఠం పాత పద్ధతిలో అయితే ఎలా జరిగేది? రెండు గంటలు బోర్డు మీద లెక్కలు చెప్పి, చివర పావుగంట గ్రౌండులోకి తీసుకెళ్లి "ఇదిగో ఇలా" అని చూపించి పంపేవారు. ఆ అమ్మాయికి సందేహం వచ్చే టైమే ఉండేది కాదు. వచ్చినా కొలిచే టైము ఉండేది కాదు. లెక్క ఇంట్లోనే అయిపోయింది కాబట్టి నాలుగున్నర గంటలూ మట్టిలో ఉన్నాం, తప్పు చేశాం, పట్టుకున్నాం, మళ్లీ చేశాం. ఇంకో సంగతి. వీడియోలో తప్పు చెప్పలేదు, కర్బు ఉన్న ట్రాకు గురించి చెప్పారు, అది కర్బు ఉన్న ట్రాకు అని మాత్రం చెప్పలేదు. వీడియోని ఆపి అడగలేం కదా. గ్రౌండులో అడిగాం. నేను వేసిన మూడు మార్కులూ ఈ పొద్దుటికే.

మూడో వారం సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి ఊపిరి ఇవ్వడం. దీని వీడియో సొంతంగా తీసిందే, శుభ్రంగా ఉంది. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, పెద్దవాళ్లకి అయిదు నుంచి ఆరు సెంటీమీటర్ల లోతు, 30 నొక్కులకి రెండు శ్వాసలు. చూసినప్పుడు "ఇంతేగా" అనిపిస్తుంది. ఆదివారం బొమ్మ ఛాతీ మీద చేతులు వేస్తే తెలిసింది. సరైన లోతు నొక్కితే ఆ బొమ్మ టిక్ అని చప్పుడు చేస్తుంది. నా మొదటి పదిహేను నొక్కుల్లో టిక్కులు నాలుగు. మోచేతులు వంచేస్తున్నానట, భుజం బరువు దిగడం లేదట. సరిచేసుకున్నాక టిక్కులొచ్చాయి గానీ నిమిషంన్నరకి చేతులు పడిపోయాయి. ఖోఖో ఆడి పెరిగినదాన్ని, నాకే అలా ఉంటే... పక్కనున్న మనిషిని పిలిచి రెండు నిమిషాలకోసారి చేతులు మార్చుకోమని ఎందుకంటారో అప్పుడు అర్థమైంది. బాధేమిటంటే 28 మందికి బొమ్మ ఒక్కటే. ఒక్కొక్కరికి అయిదారు నిమిషాలు, మిగతా టైమంతా లైన్లో నిలబడి కబుర్లు. పాఠాన్ని ఇంటికి పంపింది గ్రౌండులో చేతికి పని దొరుకుతుందని కదా, ఆ పనికి బొమ్మలు కొనకపోతే ఎలా? ఇంకో రెండు బొమ్మలు తెచ్చి ఉంటే ఇంకో అరమార్కు వేసేదాన్ని.

నాలుగో వారం నుంచి బండి గాడి తప్పింది. ఆ వారం సగంమందికి పైగా వీడియోలు చూడలేదు. ఒకరింట్లో పెళ్లి, ఒకరికి నెట్టు లేదు, కుర్రాళ్లు క్విజ్ జవాబులు వాట్సాప్ గ్రూపులో పంచేసుకున్నారు. మాస్టారు గ్రౌండుకొచ్చి అడిగితే అందరూ నేల చూపులు. ఆయన చేసిన తప్పేమిటంటే, జాలిపడ్డారు. వేపచెట్టు కింద అందర్నీ కూర్చోబెట్టి లాప్‌టాప్ తెరిచి ఆ పాఠం మొత్తం మళ్లీ చెప్పారు. యాభై నిమిషాలు! చూసొచ్చిన పది పన్నెండుమందిమి మొహాలు చూసుకున్నాం. శుక్రవారం రాత్రి పదకొండింటికి డాబా మీద దోమలు కొట్టుకుంటూ చూసింది నేను. చూడనివాళ్లకి చెట్టు నీడలో, మంచినీళ్ల సీసాతో, స్వయంగా గురువు గారి నోటి వెంట.

నిజం చెప్తున్నా, అయిదో వారం నేను కూడా చూడలేదు. ఎలాగూ చెప్తారుగా అనుకున్నాను. ఆ ఆదివారం మాత్రం ఆయన చెప్పలేదు, నేరుగా నన్నే లేపి "ఖోఖోలో కొత్తగా కూర్చునే పిల్లలకి లేచే పద్ధతి నేర్పండి మేడం" అన్నారు. ఖోఖో నా ఆట కాబట్టి గట్టెక్కాను. నా తర్వాత లేచిన కుర్రాడి ఆట క్రికెట్టు. పాపం, చతురస్రంలో ఎటు తిరిగి కూర్చోవాలో తెలియక, ఒకరు విడిచి ఒకరు ఎదురెదురు దిక్కులకి కూర్చోవాలన్నది కూడా మరిచిపోయి ఎనిమిదిమందినీ ఒకే వైపు తిప్పి కూర్చోబెట్టాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, నా టర్ను కబడ్డీ అయి ఉంటే నా పనీ అంతే.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. చూడనివాళ్లని బయట పెట్టమనడం లేదు. వాళ్లని పక్కన కూర్చోబెట్టి ఫోన్లో అక్కడే చూడమనండి, చూశాక వచ్చి పనిలో కలవమనండి. చూసినవాళ్ల పని ఆపొద్దు. ఒక్కసారి పాఠం మళ్లీ చెప్పారంటే మర్నాటి నుంచి వీడియో ఎవడూ చూడడు. పందొమ్మిదేళ్లు బళ్లో ఉన్నదాన్ని, నాకీ సంగతి తెలియదా? బూట్లు వేసుకురాని పిల్లాడికి ఒకసారి "సరేలే, చెట్టు కింద కూర్చో" అన్నామా, వారం తిరిగేలోపు చెట్టు కింద పదిమంది.

ఆరో ఆదివారం దగ్గర్లోని బడి నుంచి ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని పిలిపించారు. ఒక్కొక్కరం ఎనిమిదేసి నిమిషాలు పాఠం చెప్పాలి, మిగతావాళ్లు ఫోన్లో తీయాలి. తర్వాత ఆ వీడియో మనమే చూసుకుని, ఎనిమిది నిమిషాల్లో పిల్లలు కదిలిన టైమెంత, మనం మాట్లాడిన టైమెంత అని గడియారం పెట్టి లెక్కెయ్యాలి. నేను బాగానే చెప్పానని పొంగిపోతూ చూశాను. ఎనిమిది నిమిషాల్లో మూడున్నర నేనే మాట్లాడాను! "సావధాన్, విశ్రామ్" చెప్పి వరసలు సర్దడానికే ఒక నిమిషం పైన. పిల్లలు పాపం చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు, ఒకడు వెనకాల తూనీగని పట్టుకుంటున్నాడు. ఆ తూనీగ పిల్లాడే నాకు అసలైన మార్కులు వేశాడు.

ఇక సర్వీసు సంగతులు. టిఫిను ఇస్తామని ప్రకటనలో రాశారు. మొదటి రెండు వారాలు ఇచ్చారు, ఇడ్లీ మెత్తగా ఉంది, అల్లం చట్నీ అదరగొట్టింది. మూడో వారం నుంచి బిస్కట్ ప్యాకెట్. ఆడవాళ్లకి బాత్రూం తాళం చెవి ఎవరి దగ్గరుందో ప్రతి ఆదివారం వెతుక్కోవాలి. పొద్దున ఆరింటికి బయల్దేరి బస్సులో వచ్చేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు, అర మార్కు దీనికే కోశాను. వీడియోలు డౌన్‌లోడ్ చేసుకునే వీలు మొదట్లో లేదు. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకులో ఇంట్లో అందరూ వాడుకోగా నాకు మిగిలేదెంత? గ్రూపులో నలుగురం గట్టిగా అడిగితే మూడో వారంలో పెట్టారు. ఇదిమాత్రం వెంటనే చేశారు. చివర్లో సర్టిఫికెట్ ఇచ్చారు, పేరులో ఒక అక్షరం తప్పు, దిద్ది మళ్లీ ఇచ్చారు. అది సర్వీసు రిజిస్టరులోకి ఎక్కదు. ఆ ఆశతో చేరకండి.

టీచర్లకి ప్రభుత్వం పెట్టిన దీక్ష యాప్‌లో మాడ్యూళ్లు మనమందరం చేసినవాళ్లమే. వాటికీ దీనికీ పోలిక పెట్టి ఏది మంచిదని ఇద్దరు ముగ్గురు అడిగారు. అవి ఇంట్లో మొదలై ఇంట్లోనే అయిపోతాయి, వాటి పని అంతవరకే, ఖర్చూ లేదు. ఇక్కడ 4,200 కట్టేది వీడియోకి అనుకుంటే మాత్రం దండగ. ఆరు ఆదివారాల గ్రౌండుకి అనుకుంటే, నా లెక్క ప్రకారం రెండో ఆదివారానికే నా డబ్బులు తీరిపోయాయి. కొత్తగా బీపీఈడీ అయిన పిల్లలకంటే మాలాంటి పాతకాపులకే ఇది ఎక్కువ పనికొస్తుందని నాకనిపించింది. పిల్లలకి తెలియనిది తెలుస్తుంది, మాకు తెలుసనుకున్నది తెలుస్తుంది. కానీ డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి: ఎంతమందికి ఎన్ని బంతులు, ఎన్ని బొమ్మలు? వీడియోలు మీరు తీసినవేనా? చూడకుండా వచ్చినవాళ్లని ఏం చేస్తారు? మూడోదానికి తడుముకున్నారంటే ఆలోచించుకోండి.

మా బళ్లో నేనూ కొంచెం మొదలుపెట్టాను. పోల్ మలుపు వీడియో రెండు నిమిషాలది తొమ్మిదో తరగతి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాను. నలభైరెండుమందిలో చూసొచ్చింది పదకొండుమంది. చాలామంది ఫోన్లు నాన్నల జేబుల్లో పొలానికి పోతాయి మరి. ఇప్పుడు ఆ పదకొండుమందినే ఒక్కో పోల్ దగ్గర నిలబెట్టి మిగతావాళ్లకి చూపించమంటున్నాను. నేను నోరు మూసుకుని గడియారం చూసుకుంటున్నాను. కష్టంగానే ఉంది, నోరు మూసుకోవడం. ట్రాకు కూడా 18.90 దగ్గర మళ్లీ గీయించాను. మా అటెండరు "ముగ్గుపిండి బస్తా అప్పుడే అయిపోయిందా మేడం?" అని గొణిగాడు.

దసరా తర్వాత కొత్త బ్యాచి అంటున్నారు, అదే ఫీజు. చేరేవాళ్లు టోపీ, రెండు లీటర్ల నీళ్లు, పాత చెప్పులు పట్టుకెళ్లండి. స్టీలు టేపు మాత్రం సొంతది తీసుకెళ్లండి. వాళ్ల టేపుకి మొదటి అయిదు సెంటీమీటర్లు లేవు.